ఇంటికి బయానా ఇచ్చే ముందు

ఇల్లు నచ్చిందని ఆ రోజే బయానా చేతిలో పెట్టకండి.

– కనీసం 30 ఏళ్లకి ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయించండి. లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) దాంతో సరిపోల్చండి. తూర్పున రోడ్డని ఒక దస్తావేజులో, పక్కింటి గోడని ఇంకోదాంట్లో ఉంటే అక్కడే ఆగండి.

– జిరాక్సులే చూపిస్తుంటే, ఒరిజినల్స్ బ్యాంకు తాకట్టులో ఉన్నాయేమో అడగండి.

– తండ్రి వీలునామా రాయకుండా పోయిన ఇల్లయితే తల్లి, ఆడపిల్లల సంతకాలూ తప్పనిసరి. "కట్నం ఇచ్చేశాం, వాళ్లకింకేం వాటా" అంటే నమ్మొద్దు. హిందూ వారసత్వ చట్టం ముందు ఆ మాట నిలవదు. అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే.

– 22ఎ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తులది), ఇంటి పన్ను బకాయిలు చూసుకోండి.

– 20 వేలు, ఆపైన ఏదీ నగదుగా వద్దు. ధర 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ (ధరలోంచి ముందే మినహాయించే ఆదాయపు పన్ను) కొనేవాళ్లే పట్టుకుని కట్టాలి. అమ్మేది ఎన్నారై అయితే లెక్క వేరు.