ఉగ్గాని తినగానే మోషన్, సంగటి తింటే అరగదు: లోపం నరాలదేమో చూసుకోండి

కడుపు బాగాలేకపోతే మొదట తిండినే అనుమానిస్తాం, ఆ తిండిని ముందుకు నెట్టే నరాల సంగతి ఎవరికీ గుర్తురాదు. అన్నవాహిక నుంచి మలద్వారం దాకా గోడల్లోనే కోట్ల నరకణాలు రెండు పొరలుగా అల్లుకుని ఉంటాయి. మెదడు నుంచి పొట్టదాకా దిగే వేగస్ నరం ద్వారానో, వెన్నుపాము నుంచి వచ్చే సింపథెటిక్ నరాల ద్వారానో మెదడు ఈ కదలికల జోరు పెంచుతుంది, తగ్గిస్తుంది. మామూలు కదలికలు మాత్రం పేగు తనంతట తానే నడుపుకుంటుంది.

టిఫిన్ తినీ తినకముందే మోషన్ వస్తోంది

పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిని టీ తాగేలోపు పరుగెత్తాల్సి వస్తే భయపడకండి. పొట్ట సాగగానే పెద్దపేగు కదలడం సహజం, దీన్ని గ్యాస్ట్రోకోలిక్ రిఫ్లెక్స్ అంటారు. మలబద్ధకం ఉన్నవాళ్లు దీన్నే వాడుకోవాలి, టిఫిన్ అయిన అరగంటలోపు వెళ్లి కూర్చోండి. కర్నూలు బస్సులో ఉన్నామనో, కాలేజీలో లెట్రిన్ బాగాలేదనో రోజూ ఆపుకుంటే మలాశయం సాగిపోయి, వస్తోందన్న సంగతే తెలియకుండా పోతుంది. ఆడపిల్లలు ఇలా ఎంత బాధపడుతున్నారో ఇళ్లలో అడగండి.

పరీక్ష రోజు వికారం, విరేచనాలు

టెన్షన్‌లో పొట్ట నెమ్మదిస్తుంది, పెద్దపేగు జోరందుకుంటుంది, అందుకే రెండూ ఒకేసారి. ఆ పూట కాఫీ మానేసి తేలిగ్గా తినండి, ఊపిరి మెల్లగా, ఎక్కువసేపు వదలండి. నెలల తరబడి ఇలాగే ఉంటే ఐబీఎస్ (పేగులో పుండులాంటిదేమీ లేకున్నా దాని పనితీరు గాడి తప్పే జబ్బు) కావచ్చు, చూపించుకోండి.

షుగర్ ఉంది, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోంది

మా అనంతపురం వైపు ఇలాంటప్పుడు గ్యాస్ అనుకుని మందుల షాపులో మాత్ర కొనుక్కుని సరిపెట్టుకునేవాళ్లే ఎక్కువ, నాకు బాధ కలిగించేది అదే. ఏళ్ల తరబడి షుగర్ అదుపులో లేకపోతే వేగస్ నరం దెబ్బతిని పొట్ట ఖాళీ అవడం ఆలస్యమవుతుంది. దాన్ని గ్యాస్ట్రోపరేసిస్ అంటారు. మధ్యాహ్నం తిన్న సంగటి రాత్రి వాంతిలో అలాగే కనిపిస్తుంది. ఇన్సులిన్ టైముకే పనిచేస్తుంది కానీ తిండి పేగులోకి దిగి ఉండదు, దాంతో షుగర్ ముందు పడిపోయి తర్వాత ఎగబాకుతుంది. ఎండోస్కోపీలో అడ్డేమీ లేదని తేలాక డాక్టరు మందు రాస్తారు. ఇంట్లో మీరు చేయాల్సింది, కొంచెం కొంచెంగా ఐదారుసార్లు తినడం, నూనె, పీచు తగ్గించి మెత్తగా వండుకోవడం, తిన్నాక కాసేపు నడవడం. ఇన్సులిన్ డోసు సొంతంగా మార్చొద్దు. సెమాగ్లుటైడ్ లాంటి బరువు తగ్గే ఇంజెక్షన్లూ పొట్టను నెమ్మదింపజేస్తాయి, వాడుతుంటే తప్పక చెప్పండి.

మోషన్‌లో రక్తం పడినా, నల్లగా వచ్చినా, ఊరికే బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా పోకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి.