సస్పెన్షన్ పని తర్వాత స్టీరింగ్ గట్టిపడితే
కారులో లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు బాడీకి కలిపే చేయి), స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) మార్చాక స్టీరింగ్ గట్టిగా తిరుగుతోందని వెంటనే ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కలకు జరిగి చక్రాల్ని తిప్పే పళ్ల కడ్డీ) మార్చేయకండి. మొదట కారు ముందు చక్రాలు రెండూ లేపి, స్టాండ్ల మీద నిలిపి, ఇంజిన్ ఆపి స్టీరింగ్ తిప్పి చూడండి. తేలిగ్గా ఉంటే టైర్లలో గాలి, అలైన్‌మెంట్, పవర్ స్టీరింగ్ చూడాలి. అప్పుడూ గట్టిగానే ఉంటే రెండు టై రాడ్ ఎండ్లూ (ర్యాక్‌ని చక్రాలకు కలిపే కడ్డీల చివరి జాయింట్లు) విడదీసి, ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పండి. బిగుసుకున్న వైపు బాల్ జాయింటో (లోయర్ ఆర్మ్ చివరి గుండు కీలు), స్ట్రట్ మౌంట్ బేరింగో (స్ట్రట్‌ని పైచివర తిరగనిచ్చేది) పట్టేస్తోంది. స్ప్రింగ్ మెలి తిరిగి టక్కున వదులుతోందా? బేరింగే! తిరగేసి బిగించారేమో చూడండి. చక్రాలు రెండూ తేలికైతే లోపం ర్యాక్‌లోనో, కాలమ్ జాయింట్‌లోనో (స్టీరింగ్ నుంచి ర్యాక్‌కి వచ్చే కడ్డీ కీలు) ఉంది. మన విశాఖ ఉప్పుగాలికి, అందులోనూ బీచ్ రోడ్డు వైపు ఆరుబయట ఉండే బళ్లకి, ఆ జాయింట్ తుప్పు ముందు చూసుకోవాలి.