క్లౌడ్‌లోకి ఫైళ్లు ఎక్కకపోతే యాంటీవైరస్ వైపు చూడండి

బ్రౌజర్‌లో క్లౌడ్ డ్రైవ్ చక్కగా తెరుచుకుంటుంది, కంప్యూటర్‌లోని ఫైళ్లను దానిలోకి పంపే సింక్ ప్రోగ్రామ్ మాత్రం ‘కనెక్ట్ కాలేదు’ అంటూ మొరాయిస్తుంది. దీనికి కారణం యాంటీవైరస్ కావచ్చు, అలాగని దాన్ని తీసేయనక్కర్లేదు.

బ్రౌజర్‌లో అడ్రస్ పక్కనున్న గుర్తును నొక్కి సర్టిఫికెట్ (ఆ సైట్ అసలుదేనని చెప్పే డిజిటల్ పత్రం) వివరాలు తెరవండి. జారీ చేసినవారి చోట మీ యాంటీవైరస్ పేరుంటే, అది మధ్యలో కూర్చుని కనెక్షన్‌ను విప్పి చూస్తోందన్నమాట. కొన్ని సింక్ ప్రోగ్రాములు ఆ మారిన సర్టిఫికెట్‌ను ఒప్పుకోవు. యాంటీవైరస్ సెట్టింగుల్లో హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ (సురక్షిత కనెక్షన్లను విప్పి చూసే సదుపాయం) ఒక్కదాన్నే 10 నిమిషాలు ఆపండి. సింక్ ప్రోగ్రామ్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. ఫైళ్లు కదిలితే కారణం దొరికినట్లే. స్కానింగ్‌ను తిరిగి ఆన్ చేసి, దాని మినహాయింపుల జాబితాలో ఆ ప్రోగ్రామ్‌ను మాత్రమే చేర్చండి. సింక్ ఫోల్డర్ మొత్తాన్ని చేర్చకండి, ఇతరులు పంచుకున్న ఫైళ్లూ అందులోకే దిగుతాయి కదా!

స్కానింగ్ ఆపినా ఫైళ్లు కదలకపోతే ఈ చిట్కా పనికిరాదు. కంప్యూటర్ తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో, గూగుల్ ఖాతా అయితే ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిందేమో చూడండి. ఆఫీసు కంప్యూటర్లలో ఈ సెట్టింగులకు తరచూ తాళం ఉంటుంది, అలాంటప్పుడు అక్కడి సిస్టమ్స్ వాళ్లనే అడగాలి.