బోరు నీళ్ల ఊళ్లో మెత్తని జుట్టు: ఏ నూనె, ఎంత, ఎప్పుడు

నూనె సీసా మార్చే ముందు నీళ్లు చూసుకోండి. వరంగల్, హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు చాలా ఇళ్లలో తలకు పోసుకునేది బోరు నీళ్లే. వాటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. నల్లా మూతికి, గీజర్ లోపలి రాడ్‌కు, బాత్‌రూం టైల్స్‌కు తెల్లగా పేరుకునేది అదే. వెంట్రుకకు కూడా అదే పడుతుంది. కంటికి కనిపించదు, వేళ్లకు తెలుస్తుంది. ఆరిన జుట్టు బిరుసుగా ఉండి దువ్వెన సగంలో ఆగుతోందంటే మొదటి అనుమానం నీళ్ల మీదే పెట్టాలి.

ఇంట్లోనే పరీక్ష చేయొచ్చు. రెండు ఖాళీ నీళ్ల సీసాలు తీసుకుని ఒకదాంట్లో సగం దాకా బోరు నీళ్లు, రెండోదాంట్లో అంతే ఆర్వో నీళ్లు పోయండి. ఒంటిసబ్బును కత్తితో గీకి రెండింట్లో సమానంగా చిటికెడు వేసి, మూత బిగించి అర నిమిషం గట్టిగా ఊపండి. మంచి నీళ్ల సీసాలో నురగ పైకి లేచి నిలబడుతుంది. బోరు సీసాలో నురగ తక్కువగా వచ్చి, నీళ్లు తెల్లబడి, విరిగిన పాలలాంటి తునకలు తేలితే అవి కఠిన జలాలే. షాంపూతో ఈ పరీక్ష చేయొద్దు, అది కఠిన జలంలో కూడా నురగ ఇస్తుంది. టీడీఎస్ మీటర్ చూపేది కరిగిన లవణాలన్నిటినీ కలిపి, కాఠిన్యం ఒక్కదాన్నే కాదు. ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే రిపోర్టులో ‘టోటల్ హార్డ్‌నెస్’ అంకె చూడండి. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్ల వసతి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటుంది.

నీళ్లు కఠినంగా ఉన్నాయని తానమంతా మినరల్ వాటర్‌తో చేయనక్కర్లేదు. చివర పోసుకునే మూడు, నాలుగు లీటర్లు మంచివైతే చాలా తేడా వస్తుంది. మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నీళ్లు వచ్చే ఇంట్లో ఒక బకెట్ తలకు పక్కన పెట్టుకోండి. వానాకాలంలో మొదటి రెండు, మూడు వానలు పోనిచ్చి, కడిగిన డాబా మీద నుంచి పట్టిన నీళ్లు ఇంకా మేలు. ఆర్వో మిషన్ వేస్ట్ పైపు నుంచి వచ్చే నీళ్లు మాత్రం వద్దు. మిషన్ వడకట్టి పారేసిన లవణాలన్నీ వాటిలోనే ఉంటాయి. పారబోయబుద్ధి కాక దాన్నే తలకు వాడేవాళ్లున్నారు, అది ఉన్న ఇబ్బందిని పెంచుకోవడమే. నీళ్లు కాచితే కాఠిన్యం కొంత భాగమే పోతుంది, మొత్తం పోదు.

ఇప్పటికే పేరుకున్నదాన్ని వదిలించడానికి నెలకు రెండుసార్లు నిమ్మరసం సరిపోతుంది. ఒక నిమ్మకాయ రసం గింజ, పిప్పి లేకుండా వడకట్టి రెండు లీటర్ల మంచి నీళ్లలో కలిపి, షాంపూ తర్వాత జుట్టు మీదుగా పోసి రెండు నిమిషాలు ఆగి, మళ్లీ మంచి నీళ్లతో కడగాలి. నిమ్మచెక్క నేరుగా మాడుకు రుద్దితే మంట, పైగా ఎండలోకి పోతే చర్మం నల్లబడే ప్రమాదం. షాంపూ కొనేటప్పుడు వెనక చిన్న అక్షరాల్లో డైసోడియం ఈడీటీఏ గాని, సిట్రిక్ యాసిడ్ గాని ఉందేమో చూడండి. రెండూ కాల్షియాన్ని పట్టుకునేవే, కాకపోతే షాంపూలో కొద్దిగానే వేస్తారు కాబట్టి నిమ్మరసం పని పూర్తిగా చేయవు.

ఒంటిసబ్బు తలకు అసలు వద్దు. వెంట్రుక పైపొర చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటుంది. అవి అణిగి ఉంటే జుట్టు మెత్తగా జారుతుంది, లేస్తే గరుకు. మాడుకు నప్పే పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.5 దగ్గర, సబ్బుది 9 నుంచి 10. ఆ క్షారానికి పొలుసులు లేస్తాయి, బోరు నీళ్లలో సబ్బు విరిగి జిడ్డు తెట్టు కూడా అంటుకుంటుంది.

నూనెల సంగతి

కొబ్బరి నూనెకు ఒక ప్రత్యేకత ఉంది. అందులో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం అణువు చిన్నది, నిటారైనది కాబట్టి వెంట్రుక లోపలికి పోతుంది. తలకు పోసుకున్నప్పుడు వెంట్రుక నీళ్లు తాగి ఉబ్బి, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. ఆ ఉబ్బు తగ్గితే ప్రోటీన్ నష్టం తగ్గుతుంది. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో కొబ్బరి నూనె ఈ నష్టాన్ని తగ్గించింది, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసే నూనె) తగ్గించలేదు. ఆ పని చేసింది కొబ్బరి నూనె అమ్మే కంపెనీ పరిశోధకులే అన్నది కూడా మనసులో పెట్టుకోవాలి. ఇక్కడ తేలేది ఒకటుంది: కొబ్బరి నూనె పని తలకు పోసుకునే ముందు. పోసుకున్నాక రాస్తే అది పైపూత మాత్రమే.

కొందరికి కొబ్బరి నూనె పడదు. రెండు, మూడు వారాలు వాడాక జుట్టు మెత్తబడకుండా ఇంకా బిరుసెక్కి పుట్టుక్కున తెగుతుంటే ఆపేసి నువ్వుల నూనెకు మారండి. నిజామాబాద్, జగిత్యాల వైపు ఎండాకాలం నువ్వులు పండుతాయి, గానుగ దగ్గర కళ్లముందే ఆడించుకోవచ్చు. తలకు వేయించని నువ్వుల నూనె కావాలని ముందే చెప్పండి. వేయించి ఆడిన నూనె వాసన దిండుకు పట్టి పోదు.

ఆముదం చిక్కన. నేరుగా పొడవాటి జుట్టుకు పట్టిస్తే దిగదు, గట్టిగా రుద్ది కడిగే క్రమంలో జుట్టంతా ఉండకట్టి చివరికి కత్తిరించాల్సి వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఒక వంతు ఆముదానికి మూడు వంతులు కొబ్బరి లేదా నువ్వుల నూనె కలిపి, చివర్లకు మాత్రమే పెట్టండి. ఆముదంతో జుట్టు ఒత్తుగా మొలుస్తుందన్న మాట నమ్మి మాడంతా పులమడం దండగ.

ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు దొరికితే ఇప్ప నూనె ఒకసారి చూడండి. ఇప్ప గింజల నుంచి తీసే ఈ నూనె గూడేల్లో వంటకు, తలకు, దీపానికి వాడుతూ వస్తున్నదే. చలికాలం గడ్డకడుతుంది. వాసన అందరికీ నచ్చదు, కానీ పొడి జుట్టు చివర్లకు మంచి పూత. చేదెక్కిన వాసన వస్తే పాతది, తీసుకోవద్దు.

బాదం నూనె, ఉల్లి నూనె అని అమ్మే సీసాలను వెనక్కి తిప్పి చదవండి. పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. మొదటి పేరు లైట్ లిక్విడ్ పారాఫిన్ లేదా మినరల్ ఆయిల్ అయితే మీరు కొంటున్నది అదే, బాదం పేరు చివర్లో ఎక్కడో ఉంటుంది. అది విషం కాదు, జుట్టుకు నునుపిస్తుంది, చిక్కు తీయడానికి పనికొస్తుంది. బాదం ధర పెట్టడమే తప్పు. కొబ్బరి నూనెలో కల్తీ భయం ఉంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు ఉన్న తినే నూనె కొనండి.

ఇంట్లో ఆకు నూనె కాచుకునేవాళ్లకు

అర లీటరు కొబ్బరి నూనెకు రెండు గుప్పిళ్ల గుంటగలగరాకు, ఒక గుప్పెడు కరివేపాకు, ఒక టేబుల్ స్పూన్ మెంతులు. ఆకు కడిగి, నీడలో తడి పోయేదాకా ఆరబెట్టి, నీళ్లు పోయకుండా దంచండి. అడుగు మందమైన గంజు తీసుకోండి, సగానికి మించి నిండకూడదు, నురగ పొంగుతుంది. సన్న మంట మీద ముప్పావు గంట దాకా పట్టొచ్చు. గడియారం కన్నా చప్పుడు నమ్మండి: చిటపట ఆగి, ఆకు వేళ్ల మధ్య పొడిగా నలిగితే దింపాలి. ఇంకా అనుమానముంటే దూది వత్తిని ఆ నూనెలో ముంచి పొయ్యికి దూరంగా వెలిగించండి. చిటచిటమంటే తడి మిగిలింది, నిశ్శబ్దంగా వెలిగితే అయింది. తడి ఉన్న నూనె నెల తిరక్కముందే ముక్కిపోయి వాసన మారుతుంది. ఆకు నల్లగా మాడితే నూనె కూడా మాడింది, పారబోయడమే. చల్లారాక పల్చని బట్టలో వడకట్టి, పూర్తిగా ఆరిన గాజు సీసాలో పోయండి.

ఇంత కష్టపడి కాచినా, మెత్తదనం విషయంలో పని చేసేది ప్రధానంగా కొబ్బరి నూనే. ఆకు వాసన, రంగు ఇష్టమైతే కాచుకోండి, లేకపోతే ఉత్త నూనె చాలు.

పెట్టే తీరు, కడిగే తీరు

భుజాల దాకా జుట్టుకు రెండు టీస్పూన్లు, నడుము దాకా ఉంటే రెండు టేబుల్ స్పూన్లు. ఎక్కువ పోస్తే ఎక్కువ మెత్తబడదు, కడగడానికి రెండు షాంపూలు పడతాయి, ఆ రెండో షాంపూ నూనె ఇచ్చిన మేలు తీసుకుపోతుంది. ముందు చిక్కు తీసి, చెవుల కింది నుంచి చివర్ల దాకా పాయలు పాయలుగా పట్టించి, చేతికి మిగిలింది మాడుకు అద్దండి. గంట, రెండు గంటలు ఉంచితే చాలు. రాత్రంతా ఉంచితే నుదుటి మీద మొటిమలు లేచేవాళ్లు పొద్దున పెట్టుకోవడమే మంచిది. చలికాలం ఆదిలాబాద్‌లో సీసా గడ్డకడితే వేడి నీళ్ల గిన్నెలో ఐదు నిమిషాలు నిలబెట్టండి, గంటెలో పోసి మంట మీద పెట్టొద్దు.

చుండ్రు ఉంటే ఈ లెక్క మారుతుంది. చుండ్రుకు కారణమైన ఫంగస్ కొవ్వు తిని బతుకుతుంది. మాడుకు నూనె ఆపి చివర్లకే పెట్టండి, తగ్గకపోతే చర్మ డాక్టర్ దగ్గరికి పోవాలి. పెరుగు, నిమ్మకాయలతో నెలలు గడపొద్దు.

కుంకుడుకాయలకు బోరు నీళ్ల ఊళ్లో ఒక లాభముంది: సబ్బులా కాల్షియంతో విరిగి తెట్టు కట్టవు. నడుము దాకా జుట్టుకు పది, పన్నెండు కాయలు కొట్టి, నల్ల గింజలు తీసేసి, పైతొక్కును ముప్పావు లీటరు వేడి నీళ్లలో గంట నానబెట్టి, పిసికి, బట్టలో వడకట్టాలి. వడకట్టకపోతే పిప్పి జుట్టులో ఇరుక్కుని రెండు రోజులు రాలుతుంది. కళ్లలో పడితే మంట సంగతి చెప్పనక్కర్లేదు, తల వెనక్కి వంచి పోయించుకోండి. ఆ రసం మర్నాటికి పులుస్తుంది, ఏ రోజుది ఆ రోజే. వారానికి మూడు, నాలుగుసార్లు వాడితే కుంకుళ్లు కూడా జుట్టును ఎండగడతాయి. ఆముదం కలిపిన నూనెను కుంకుళ్లు ఒక్కటే వదలగొట్టలేవు. ఆ రోజు తేలిక షాంపూ వాడండి.

కడిగాక నిజంగా వేళ్లకు తగిలే మెత్తదనం ఇచ్చేది కండీషనర్. ఇది చెబితే నూనె పక్షపాతులకు కోపం వస్తుంది, అయినా అంతే. అందులో ఉండే బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్, సెట్రిమోనియం క్లోరైడ్ లాంటివి దెబ్బతిన్న చోటికి అంటుకుని పొలుసులను అణుస్తాయి. సెటైల్ ఆల్కహాల్, స్టియరైల్ ఆల్కహాల్ అని కనిపిస్తే భయపడొద్దు, అవి కొవ్వు పదార్థాలు, ఎండగట్టే స్పిరిట్ కాదు. షాంపూ కడిగి, జుట్టు పిండి నీళ్లు తీసేశాకే రాయండి. నీళ్లు కారుతున్న జుట్టుకు రాస్తే సగం మోరీలోకే పోతుంది. చెవుల కింద నుంచి మాత్రమే, రెండు, మూడు నిమిషాలు, తర్వాత ముందే పక్కన పెట్టిన మంచి నీళ్లతో కడిగేయాలి. మాడుకు రాస్తే సాయంత్రానికల్లా జుట్టు చప్పబడి అతుక్కుంటుంది.

కండీషనర్ వద్దనుకుంటే అవిసె గింజల జిగురు ఉంది, ఉంగరాల జుట్టుకు మరీ బాగుంటుంది. మూడు టేబుల్ స్పూన్ల గింజలు రెండు గ్లాసుల నీళ్లలో వేసి, మధ్య మంట మీద కలుపుతూ ఏడెనిమిది నిమిషాలు ఉడికించండి. గరిటె ఎత్తితే గుడ్డు తెల్లసొనలా తీగ సాగాలి. వేడిగా ఉన్నప్పుడే జల్లెడలో పోయాలి. చల్లారనిస్తే జిగురు గింజలనే పట్టుకుని కిందికి దిగదు, ఎంత పిండినా రాదు. తడి జుట్టుకు నిమ్మకాయంత పూసి అలాగే ఆరనివ్వాలి. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. మందార ఆకు పదిహేను, ఇరవై తీసుకుని నీళ్లలో నలిపితే వచ్చే జిగురు కూడా ఇదే పని చేస్తుంది, వడకట్టడం మరవొద్దు.

తువాలతో రుద్దొద్దు, పాత నూలు లుంగీతో ఒత్తి తుడవండి. వెడల్పు పళ్ల దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి రండి. స్కూటీ మీద పోయేటప్పుడు చున్నీ కట్టుకునేవాళ్లు ముందు జడ వదులుగా అల్లుకోండి, విడి జుట్టు మీద బట్ట రాపిడికి వెనక మెడ దగ్గరే చిక్కులు పడతాయి. మే నెల వడగాలిలో అయితే తడి తలతో బండెక్కకుండా, రెండు చుక్కల సీరం చివర్లకు రాసుకుని, ఆరాక బయల్దేరండి. సీరం అంటే సిలికాన్ పూత, డైమెథికోన్ అని రాసి ఉంటుంది. మరమ్మతు చేయదు, రాపిడి తగ్గిస్తుంది.

గోరింటాకు పెట్టాక జుట్టు పొడిబారడం మామూలే. ఆ రోజు షాంపూ లేకుండా ఉత్త నీళ్లతో కడిగి, ఆరాక నూనె పెట్టి, మర్నాడు తలకు పోసుకోండి. ‘నల్ల మెహందీ’ పొడుల్లో పీపీడీ (కొందరికి అలర్జీ తెచ్చే రంగు రసాయనం) ఉండొచ్చు. చెవి వెనక కొంచెం పూసి రెండు రోజులు చూసి, దురద, ఎరుపు లేకపోతేనే వాడాలి.

చివర్లు రెండుగా చీలితే ఏ నూనె అతికించదు, చీలిక పైన అంగుళం కత్తిరించాలి. పార్లర్లో కెరాటిన్, స్మూతెనింగ్ చేయించుకోదలిస్తే వాడే సీసా చూపించమని అడగండి. వేడి పెట్టగానే కళ్లు మండే ఘాటు వస్తే అది ఫార్మాల్డిహైడ్ కావొచ్చు, లేచి రండి. ‘ఫార్మాల్డిహైడ్ లేదు’ అన్న చోట గ్లయాక్సిలిక్ యాసిడ్ ఉందేమో చూడండి, దానితో జుట్టు సాపు చేయించుకున్నాక కిడ్నీలు దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. నీళ్లు, నూనె, షాంపూ ఏవీ మారకుండా కొద్ది నెలల్లో జుట్టు గరుకెక్కి, రాలడం కూడా పెరిగితే సీసాలు మార్చడం ఆపి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్షల గురించి డాక్టర్‌ను అడగండి.