థర్మోప్లాస్టిక్ కాంపోజిట్ వెల్డింగ్‌లో వేడి అదుపు చేయడం ఎలా?

గ్లాస్ ఫైబర్ కలిపిన రెండు ప్లాస్టిక్ పలకల మధ్య సన్నటి స్టీల్ మెష్ పెట్టి కరెంటిస్తే, మెష్ వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది, నొక్కి పట్టుకుంటే అతుక్కుంటుంది. ఎయిర్‌బస్ ఏ380 రెక్క ముందు అంచు భాగాల్నీ ఇలాగే అతికారు. వినడానికి ఇంతే, తిప్పలన్నీ వేడితోనే.

ముందు మీ దగ్గరున్న ప్లాస్టిక్ ఏదో తేల్చుకోండి. పాలీప్రొపిలీన్ 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నైలాన్ 6 అయితే 220, పీపీఎస్ 280, పీక్ 343. కరిగితే చాలదు, రెండు వైపులా ప్లాస్టిక్ బాగా కలిసిపోవాలంటే ఇంకో 30, 40 డిగ్రీలు పైకి తీసుకెళ్లాలి. నైలాన్ గాలిలో తేమ పీల్చేస్తుంది, ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టకపోతే అతుకు నిండా బుడగలే.

ఇప్పుడు థర్మోకపుల్, అంటే వేడి కొలిచే సన్నటి తీగ. పలక పైన అంటిస్తే లాభం లేదు, అతుకు లోపలే ఉండాలి, ఒకటి మధ్యలో, ఒకటి అంచు దగ్గర. కొన మెష్‌కి తగిలితే రీడింగ్ పిచ్చిపిచ్చిగా ఎగురుతుంది, అందుకే వేడిని తట్టుకునే, కరెంటు పారనివ్వని కాప్టాన్ టేప్ చుట్టండి. పలకల కింద, పైన చెక్క దిమ్మలు పెట్టండి, ఇనుము పెడితే వేడంతా అదే లాగేసుకుంటుంది. పలకలు కార్బన్ ఫైబర్‌వి అయితే మెష్‌కి రెండు వైపులా ఒక పొర గ్లాస్ ఫైబర్ తప్పనిసరి, లేదంటే కరెంటు పలకలోకే పోతుంది.

కరెంటు కొద్దికొద్దిగా పెంచండి. అతుకు బయట గాలిలో ఉన్న మెష్ వేడి పోయే దారి లేక ఎర్రగా కాలిపోతుంది, కాబట్టి మెష్‌కి కరెంటిచ్చే క్లిప్పుల్ని పలక అంచుకి దాదాపు ఆనించి బిగించండి. పాలీప్రొపిలీన్‌కి మధ్యలో 200 చూపించగానే కరెంటు తగ్గించి అర నిమిషం అక్కడే నిలపండి. అంచు రీడింగ్ దీనికన్నా బాగా ఎక్కువున్నా, పొగ వాసన వచ్చినా వెంటనే ఆపేయండి. కిటికీలు తెరిచే పని మొదలుపెట్టండి.

స్విచ్ ఆపాక పలకల్ని నొక్కి పట్టుకున్న క్లాంప్ జోలికి వెళ్లకండి. మొదటిసారి నేను తొందరపడి 140 దగ్గర వదిలేశాను, నొక్కి ఉన్న ఫైబర్ పొరలు పైకి లేచి పలక బొరుగులా ఉబ్బింది. 60 కిందకి దిగేదాకా ఆగండి, నీళ్లు మాత్రం పోయకండి.

అసలు ముక్క ముట్టుకునే ముందు ఒక నమూనా అతికి, ఉలితో విడదీసి చూడండి. రెండు వైపులా చిరిగిన ఫైబర్ కనిపిస్తే వేడి సరిపోయినట్టే. నున్నగా ఊడి వచ్చిందా, ఇంకో 10 డిగ్రీలు పెంచి మళ్లీ అతకండి.