మూడు కాలమ్స్‌లో చెల్లాచెదురైన లోపాలను పవర్ బీఐలో లెక్కపెట్టడం

విశాఖలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల రిపోర్టుల సాఫ్ట్‌వేర్ పవర్ బీఐలో రిపోర్టులు చేయడం నా పని. భీమవరం వైపు నుంచి సరుకు దిగగానే క్యూసీ (నాణ్యత చూసే) వాళ్లు ప్రతి లాట్ నుంచీ శాంపిల్ తీసి చూసి, ఎక్సెల్ షీట్‌లో లోపం 1, లోపం 2, లోపం 3 అనే గడుల్లో కనిపించింది కనిపించినట్టు రాస్తారు. చలిలో నిలబడి చేసే పని అది. వాళ్లకు అలా రాయడమే సులువు. అందుకే షీట్ మార్చమని నేను అడగను.

మేనేజరు గారు అడిగేది మాత్రం ఒక్కటే: "ఈ వారం బ్లాక్ స్పాట్ ఎన్ని లాట్లకొచ్చిందమ్మా?" రొయ్యల్ని పట్టాక ఐసు చాలకపోతే పెంకు మీద నల్లమచ్చలు పడతాయి. ఆ అంకె పెరిగిందంటే ముందు మాట పడేది లారీ డ్రైవరే. కాబట్టి ఉజ్జాయింపు లెక్క కుదరదు.

చిన్న ఉదాహరణ తీసుకుందాం. లాట్ 101లో బ్లాక్ స్పాట్, సాఫ్ట్ షెల్. 102లో బ్రోకెన్, బ్లాక్ స్పాట్. 103లో సాఫ్ట్ షెల్, బ్రోకెన్, మళ్లీ సాఫ్ట్ షెల్ (రెండో మనిషి చూసి ఇంకోసారి రాసింది). 104లో ఏ లోపమూ లేదు. లోపం 1 కాలమ్ ఒక్కదాన్నే చార్ట్‌లో పెడితే బ్లాక్ స్పాట్ ఒకటే కనిపిస్తుంది. అసలు ఉన్నవి రెండు.

మూడు కాలమ్స్‌నూ ఒకే కాలమ్‌గా కిందికి దింపాలి. దానికి అన్‌పివట్ ఉంది. అయితే దాన్ని అసలు టేబుల్ మీద చేయకండి. అందులో కిలోల కాలమ్ ఉంటే 103 బరువు మూడు వరుసల్లో మూడుసార్లు పడుతుంది, మొత్తం టన్నేజీ ఉబ్బిపోతుంది. ట్రాన్స్‌ఫామ్ డేటాలోకి వెళ్లి, లాట్స్ క్వెరీ (లాట్‌కో వరుస ఉన్న ఆ అసలు టేబులే) మీద రైట్ క్లిక్ కొట్టి రిఫరెన్స్ తీసుకోండి, అసలుది అలాగే ఉండి దాని మీద కొత్త క్వెరీ ఒకటి తయారవుతుంది. కొత్తదానికి లోపాలు అని పేరు పెట్టండి. లాట్ నంబరు, మూడు లోపాల కాలమ్స్ సెలెక్ట్ చేసి రిమూవ్ అదర్ కాలమ్స్ నొక్కండి. తర్వాత లాట్ నంబరు ఒక్కటే పట్టుకుని అన్‌పివట్ అదర్ కాలమ్స్. ఏడు వరుసలొస్తాయి. వాల్యూ కాలమ్ పేరును లోపం అని మార్చుకోండి.

నల్ అని చూపించే ఖాళీ గడులను అన్‌పివట్ తనే వదిలేస్తుంది. సీఎస్‌వీ ఫైల్ నుంచి వస్తే ఆ గడులు నల్ కాకుండా ఉత్త ఖాళీ టెక్స్ట్‌గా రావచ్చు, అప్పుడు పేరు లేని లోపం ఒకటి చార్ట్‌లో నిలబడుతుంది. ఫిల్టర్‌లో దాన్ని తీసేయండి. ట్రిమ్ కూడా కొట్టండి, కానీ అది మొదట్లో, చివర్లో ఉన్న స్పేసులనే తీస్తుంది. "బ్లాక్‌స్పాట్" అని కలిపి రాసినవాళ్లూ, "బీఎస్" అని వదిలేసినవాళ్లూ ఉంటారు. వాటికి రీప్లేస్ వాల్యూస్ తప్పదు. క్యూసీ షీట్‌లో డ్రాప్‌డౌన్ పెట్టించగలిగితే సగం తలనొప్పి పోతుంది.

ఇప్పుడు లెక్క. వరుసలు లెక్కపెడితే సాఫ్ట్ షెల్ 3. మేనేజరు గారు అడిగింది ఎన్ని లాట్లని, ఎన్నిసార్లు రాశారని కాదు. లోపాలు టేబుల్‌లోని లాట్ నంబరు మీద డిస్టింక్ట్‌కౌంట్‌తో (ఒకే నంబరు ఎన్నిసార్లున్నా ఒక్కసారే లెక్కపెడుతుంది) మెజర్, అంటే లెక్క సూత్రం రాయండి, 2 వస్తుంది. మూడు కాలమ్స్‌కూ మూడు కౌంట్‌లు విడిగా రాసి కూడేవాళ్లున్నారు. వాళ్లకూ సాఫ్ట్ షెల్ లెక్కలో ఈ 103 రెండుసార్లు పడుతుంది, నాకు ఆ పద్ధతి నచ్చదు.

శాతం దగ్గర ఇంకాస్త జాగ్రత్త. లోపాల టేబుల్‌లో 104 అసలు లేదు. అక్కడి లాట్లతో భాగిస్తే మంచి సరుకు లెక్కలోంచి జారిపోయి, 4లో 2 కావాల్సింది 3లో 2 అవుతుంది. భాగించాల్సింది లాట్స్ టేబుల్ వరుసల సంఖ్యతో. రెండు టేబుల్స్‌నూ లాట్ నంబరు మీద వన్ టు మెనీగా (లాట్స్‌లో ఒక వరుసకు లోపాల్లో ఎన్నైనా) కలిపి, క్రాస్ ఫిల్టర్ డైరెక్షన్ సింగిల్‌గానే ఉంచండి. అప్పుడు తేదీ, సప్లయర్ స్లైసర్లు (రిపోర్టు మీద పెట్టే ఫిల్టర్లు) లాట్స్ నుంచి లోపాలకు చక్కగా దిగుతాయి, చార్ట్‌లో ఒక లోపం నుంచి ఇంకో లోపానికి వెళ్లినా కింద భాగించే 4 మాత్రం కదలదు. బోత్ అని పెట్టారో, ప్రతి లోపానికీ ఆ లోపమున్న లాట్లే మిగిలి అన్నీ 100 శాతం చూపిస్తాయి!

మన ఉదాహరణలో మూడు లోపాలకూ తలా 50 శాతం, కూడితే 150. ఒకే లాట్‌కు రెండు లోపాలుంటే అంతే మరి. అందుకని గుండ్రంగా ముక్కలు చూపించే పై (pie) చార్ట్ వద్దు, బార్ చార్ట్ పెట్టండి.

క్యూసీ వాళ్లు రేపు లోపం 4 అని ఇంకో గడి కలిపితే రిమూవ్డ్ అదర్ కాలమ్స్ స్టెప్ దాన్ని చప్పుడు చేయకుండా పారేస్తుంది. ఆ స్టెప్ పక్కనున్న గేర్ గుర్తు నొక్కి కొత్త కాలమ్‌కు టిక్ పెడితే చాలు.