సంప్ ట్యాంకు కట్టుకుందాం, 5వ భాగం: రిటర్న్ పంపు ఏసీదా, డీసీదా?

సంప్ అంటే చేపల ట్యాంకు కింద పెట్టే రెండో తొట్టి, పైట్యాంకు నీళ్లు అందులోకి దిగి మళ్లీ పైకి వెళ్తాయి. పోయిన భాగంలో ఓవర్‌ఫ్లో (ట్యాంకు పైనుంచి నీళ్లు పొర్లి దిగే చోటు), కిందికి దిగే పైపు అయిపోయాయి. ఇప్పుడు సంప్‌లోకి దిగిన నీళ్లని మళ్లీ పైకి తోసే పంపు సంగతి చూద్దాం. షాపుకి వెళ్లేముందు మీ ట్యాంకు లెక్క చేతిలో ఉండాలి, లేకపోతే ఏసీ అయినా డీసీ అయినా గుడ్డిగా కొన్నట్టే.

4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకు తీసుకుందాం. సుమారు 255 లీటర్లు. ఆ నీళ్లు గంటకి 4, 5 సార్లు సంప్ గుండా తిరిగితే చాలు, అంటే పైకి నిజంగా చేరాల్సింది 1000 నుంచి 1250 లీటర్లు. స్టాండు రెండున్నర అడుగులు, సంప్‌లో నీటిమట్టం నేల నుంచి ముప్పావు అడుగు ఉంటే, అక్కణ్ణుంచి ట్యాంకు పైఅంచు దాకా సుమారు మీటరు. ఎల్బోలు, పైపు రాపిడి కూడా కలిపి 1.3 మీటర్లు అనుకోండి.

పంపు డబ్బా మీద 3000 లీటర్లు, 3 మీటర్లు అని ఉందనుకోండి. ఆ రెండూ ఒకేసారి రావు. ఎత్తు అసలు లేనప్పుడు 3000 లీటర్లు వస్తాయి, 3 మీటర్ల దగ్గర చుక్క కూడా పడదు. మధ్యలో ఎంత వస్తుందో గ్రాఫ్ చూస్తేనే తెలుస్తుంది, ఆ గ్రాఫ్ ఇవ్వని పంపుని నేనైతే కొనను.

ఏసీ పంపు నేరుగా 230 వోల్టుల ప్లగ్గులో పెట్టేది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లోపలి అయస్కాంతం మామూలుగా నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది, ఎప్పుడూ అంతే. వోల్టేజి తగ్గిస్తే వేగం తగ్గదు, అందుకే ఫ్యాను రెగ్యులేటరు తగిలిద్దాం అనుకునేవాళ్లు దయచేసి ఆగండి, తిరగడం మానేసి బుయ్యిమంటూ వేడెక్కుతుంది. నీళ్లు తగ్గించాలంటే బయటికి వచ్చే పైపుకి బాల్ వాల్వు పెట్టి కొంచెం మూయండి. పీల్చే వైపు మాత్రం ఎప్పుడూ మూయకూడదు.

డీసీలో అడాప్టరు ఎక్కువగా 24 వోల్టులకి దించుతుంది, వేగం కంట్రోలర్ చేతిలో ఉంటుంది. వేగం తగ్గిస్తే మోత తగ్గుతుంది, కరెంటు ఇంకా బాగా తగ్గుతుంది. 70 శాతం వేగానికి లెక్క ప్రకారం మూడో వంతు పవర్ చాలు, అడాప్టరు నష్టాలు కలిస్తే ఇంకొంచెం ఎక్కువ. 24 గంటలూ తిరిగేది కాబట్టి ఇది చిన్న విషయం కాదు: 40 వాట్ల పంపు నెలకి దాదాపు 29 యూనిట్లు తింటుంది.

అయితే చాలామంది చూడనిది ఒకటుంది. వేగం సగం చేస్తే నీళ్లు సగానికి తగ్గుతాయనుకుంటారు గానీ, పంపు తోయగల ఎత్తు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. మన 3 మీటర్ల పంపు సగం వేగంలో 0.75 మీటర్ల దాకానే తోస్తుంది, ట్యాంకు అంచు మీటరు ఎత్తులో ఉంది, ఇక నీళ్లు పైకి రావు. 60 శాతంలో 1.08 మీటర్లు, అంటే సన్నగా కారుతుందంతే. 70లో 1.47 మీటర్లు, అక్కడి నుంచే పని మొదలు. కాబట్టి 10 మెట్ల వేగం ఉందని మురిసిపోకండి, మీ ఎత్తుకి అందులో పైన మూడు నాలుగు మెట్లే పనికొస్తాయి. డీసీ కొంటే గరిష్ఠ ఎత్తు ఎక్కువున్నది కొనండి.

ఇక కరెంటు కోతలు. ఏసీ పంపు కరెంటు రాగానే తనంతట తానే మొదలవుతుంది, కానీ స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మోతా వేడీ పెరుగుతాయి, సైన్ వేవ్ ఉండాలి. డీసీ పంపు కొన్న రోజే ప్లగ్గు తీసి పెట్టి, పాత వేగంతోనే మళ్లీ మొదలైందో లేదో చూసుకోండి, ఊరెళ్లినప్పుడు ఈ టెన్షన్ ఉండదు. డీసీకి అసలు బలహీనత కంట్రోలరే. అది పోతే పంపు బాగున్నా నీళ్లు తిరగవు. ముఖ్యంగా ఉప్పునీటి ట్యాంకుల్లో దాన్ని సంప్‌కి దూరంగా, ఎత్తులో బిగించండి. ఏది పెట్టినా ఆ ప్లగ్గుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) తప్పనిసరి, ఇందులో మొహమాటం వద్దు.

నా మాట అడిగితే, మొదటి మంచినీటి ట్యాంకుకి, వేగం ఒకసారి సర్ది వదిలేసేవాళ్లకి, సరైన సైజు ఏసీ పంపూ ఒక వాల్వూ చాలు. ట్యాంకు పడకగదిలో ఉంటే, బ్యాటరీ బ్యాకప్ పెట్టాలనుకుంటే, లేదా పగడాలు పెంచుతూ నీటి వేగం తరచూ మార్చేవాళ్లయితే డీసీకి పెట్టే అదనపు డబ్బు దండగ కాదు, మరో కంట్రోలర్ విడిగా దొరికే కంపెనీదైతేనే.

ఈ వారం పని: టేపు తీసుకుని సంప్ నీటిమట్టం నుంచి ట్యాంకు అంచు దాకా కొలిచి రాసుకోండి. పంపు ఇప్పటికే ఉన్నవాళ్లు రిటర్న్ పైపు చివరని ట్యాంకు అంచు ఎత్తులోనే ఉంచి, సంప్ ఖాళీ కాకుండా చూసుకుంటూ, 10 లీటర్ల బకెట్ నింపండి, 36,000ని పట్టిన సెకన్లతో భాగించండి. 40 సెకన్లు పడితే గంటకి 900 లీటర్లు. వచ్చే భాగంలో పైపు సైజు, కరెంటు పోయినప్పుడు నీళ్లు వెనక్కి రాకుండా పెట్టే రంధ్రం చూద్దాం.